జోడుదోనె

అనకాపల్లి బెల్లమునకు పేరుపొందిన పట్టణము. దానికి దక్షిణపు దిక్కున, అచ్యుతాపురము మండలములో, కొండకర్ల అను గ్రామము కలదు. ఆ గ్రామము పేరును దూరప్రాంతములకు చాటినది దాని చెంతనున్న మంచినీటి సరస్సు. అచ్చటివారు దానిని సరస్సు అనరు, చెరువు అనరు, ఆవ అందురు. పల్లపు నేలలో నీరు నిలిచిన విశాలమైన తావునకు ఆ ప్రాంతమున ఆవ యని పేరు. ఆంధ్రప్రదేశమునందలి సహజమైన మంచినీటి సరస్సులలో కొల్లేరు మొదటిది, కొండకర్ల ఆవ రెండవది అని చెప్పుదురు. కొండల నడుమ నీరు, నీటిపై తామరాకులు, చలికాలమున దూరదేశములనుండి వచ్చి వ్రాలు పక్షులు: చూడబోవువారికి కన్నులపండువుగా నుండును. కాని గట్టుననే నిలుచుండి చూచి తిరిగిపోవువారు కొందరు కలరు. వారిని ఆపునది నీరు కాదు. ఆ నీటిపై తిరుగు దోనె.

అది తాటిదోనె. ముదురు తాటిచెట్టు మొదలును దొలిచి, లోపలి మెత్తని భాగమును తీసివేసి, పైచేవను మిగిల్చి దానిని చేయుదురు. తాటిమ్రానునకు చేవ వెలుపలి భాగముననే యుండును గనుక ఈ పనికి ఆ చెట్టు మిక్కిలి తగియుండును. దోనె లోతులేని నీటిలోను, తామరల నడుమను ఇట్టే జారిపోవును. అయితే దానికొక గుణము కలదు. అడుగు గుండ్రము, వెడల్పు తక్కువ. ఎక్కినవాడు కొంచెము కదలినను అది ప్రక్కకు దొర్లజూచును.

క్రొత్తగా ఎక్కినవాడు ఏమి చేయును? రెండంచులను పట్టుకొని ఒడలు బిగించుకొనును. దోనె ఎడమకు వాలినచో తాను కుడికి విసురుగా వ్రాలును. ఆ విసురునకు దోనె కుడికి మరింత వాలును. వాడు హడలిపోయి మరల ఎడమకు వ్రాలును. ఇట్లు ఊగులాట నీటినుండి కాక వాని భయమునుండియే పుట్టుచుండును. గెడ వేయువాడు మాత్రము అదే దోనెలో నిలుచుండి నడుపుచుండును. వాని ఒడలు బిగిసియుండదు. దోనె కదలికతోపాటు తానును కదలుచుండును. ఆ నేర్పు వానికి ఒక దినమున వచ్చినది కాదు.

ఇందుకు పూర్వులు ఒక ఉపాయము కనిపెట్టిరి. రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి గట్టిగా కట్టుదురు. అప్పుడు ఒకటి క్రుంగబోయినచో రెండవది దానిని ఆపును. విడివిడిగా నిలుకడలేని రెండు దుంగలు జతపడగానే నేలవలె నిలుచును. కొండకర్ల ఆవలో సందర్శకులను త్రిప్పునవి ఇట్టి జోడుదోనెలే. ఈ ఉపాయము క్రొత్తది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన పెరిప్లస్ అను గ్రంథమున, భారతదేశపు తూర్పు తీరమున మ్రాకులను జతకట్టి చేసిన పెద్ద పడవలు తిరుగుచుండెనని యున్నది. వానిని అతడు సంగర అనెను. తెలుగు నిఘంటువులలో సంగడి అను మాట యున్నది. జతకట్టిన దోనెలకు అది పేరు. స్నేహమునకును అదియే పేరు. సంగడికాడు అనగా చెలికాడు. ఒంటరిగా ఊగిపోవునది జతతో నిలుచునని చూచినవారు ఈ రెండర్థములను ఒకే మాటలో ఇమిడ్చియుందురా? భాషాశాస్త్రజ్ఞులు దీనికి ఏమి చెప్పినను, ఆ మాట మాత్రము అందమైనది.

భయమును గూర్చి పెద్దలు పిల్లలకు చెప్పు మాటలలో మిక్కిలి తరచుగా వినబడునది "భయపడకు" అనునది. దీనికంటె నిష్ప్రయోజనమైన మాట మరొకటి లేదు. భయము ఆజ్ఞకు లోబడునది కాదు. గుండె వేగముగా కొట్టుకొనుట, అరచేతులు చెమర్చుట, నోరెండుట, ఇవి శరీరము తనంతట తాను చేయు పనులు. భయపడకుమని చెప్పినంతనే గుండె నెమ్మదింపదు. పైగా ఆ బాలునకు రెండవ చింత కూడ పట్టుకొనును: "అందరును భయపడకున్నారు, నాకే భయము కలుగుచున్నది, నేనే పనికిరానివాడను." మొదటిది భయము, రెండవది తనయందు తనకు నమ్మకము లేకపోవుట. ఈ రెండవదానిని కలిగించునది తరచుగా పెద్దలే.

మరియొక పొరపాటు కలదు. మొదట భయము పోవలెను, తరువాత పనికి పూనుకొనవలెను అని అనేకులు తలంతురు. భయము పోవువరకు వేచియుందురు, అది పోదు, కాలము పోవును. నిజమునకు వరుస దీనికి విపరీతము. భయము ఉండగనే పని మొదలగును. పని సాగినకొలదియు భయము తగ్గును.

ఇది ఊహ మాత్రము కాదు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు పిల్లల భయములను పోగొట్టు మార్గములను పరీక్షించి 1924వ సంవత్సరమున ఆ ఫలితములను ప్రకటించెను. ఆమె పలువిధములుగా ప్రయత్నించెను. భయపెట్టు వస్తువును కంటబడనీయక కొంతకాలము ఊరకుండి చూచెను. భయము అట్లే యుండెను. కుందేలుకు భయపడు ఒక చిన్న బాలికకు వారము దినములు కుందేళ్లను గూర్చి ముచ్చటలు చెప్పెను. ఆ బాలిక కథలను సంతోషముతో వినెను. కాని నిజమైన కుందేలు కనబడగానే పరుగెత్తెను! తోడిపిల్లలు ఎగతాళి చేసినచోట భయము తగ్గుటకు మారు పెరిగెను. ఆమె పరీక్షలలో ఫలించినవి రెండే. ఒకటి, భయపెట్టు వస్తువును పిల్లవానికి ఇష్టమైన దానితో జతచేసి, దూరమునుండి కొంచెము కొంచెముగా దగ్గరకు తెచ్చుట. రెండవది, భయములేని పిల్లలతో కలిపి ఆడించుట.

ఆమె పరీక్షించినవారిలో పీటర్ అను మూడేండ్లు నిండని బాలుడొకడు ప్రసిద్ధుడయ్యెను. వానికి కుందేలన్నను, ఎలుకయన్నను, బొచ్చుకోటు అన్నను, తుదకు దూది అన్నను భయమే. కుందేలును చూచి బెదరని ముగ్గురు పిల్లలతో వానిని ఆడించిరి. మొదట గదిలో ఎక్కడ కుందేలున్నను ఓర్వలేకపోయినవాడు, తరువాత పంజరములోని కుందేలును పండ్రెండడుగుల దూరమున ఓర్చుకొనెను. పిమ్మట నాలుగడుగులు, పిమ్మట మూడడుగులు. ఇంతలో వానికి జ్వరము వచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో నుండవలసివచ్చెను. మరలి వచ్చుచుండగా ఒక పెద్దకుక్క వానిపైకి ఎగిరెను. ఆ దెబ్బతో భయము మొదటివలెనే తిరిగివచ్చెను. ఇంతటితో పని చెడినదని మానుకొనియుండినచో ఆ కథ అక్కడనే ముగిసియుండును. మానుకొనలేదు. వానికి ఇష్టమైన తినుబండారములు పెట్టుచు, దూరమున కుందేలును ఉంచుచు, మరల మొదటినుండి ఆరంభించిరి. తుదకు కుందేలు తన వ్రేళ్లను కొరుకుచున్నను వాడు నవ్వుచు కూర్చుండెను.

ఈ పరీక్షలో గమనింపదగినది ఆ రెండు నెలల తరువాతి భాగమే. ధైర్యము ఒకసారి వచ్చినచో శాశ్వతముగా నిలుచునని అనుకొనువారు, మరల భయము కలుగగానే తమ శ్రమ అంతయు వ్యర్థమైనదని క్రుంగిపోవుదురు. భయము తిరిగి వచ్చుట ఓటమి కాదు. వర్షాకాలమున గట్టు తెగినంత మాత్రమున రైతు పొలమును విడిచిపెట్టునా? మరల మట్టి వేయును.

నీటికిని, కుందేలుకును భయపడువారికంటె, మాటలాడుటకు భయపడువారే పాఠశాలలలో ఎక్కువ. తరగతిలో లేచి ప్రశ్న అడుగుట, వార్షికోత్సవమున వేదిక ఎక్కుట, నల్లబల్ల వద్దకు పోయి లెక్క చేయుట, ఇవి కొందరికి ఆవ మధ్యమున దోనె ఊగినంత పని. ఈ విషయమున మోహన్‌దాస్ గాంధి చిన్ననాటి కథ అందరును తెలిసికొనదగినది. చీకటియన్న, దొంగలన్న, దయ్యములన్న, పాములన్న తనకు మిక్కిలి భయముగా నుండెడిదనియు, దీపము లేక నిదురింపలేకపోయితిననియు ఆయన ఆత్మకథలో దాచక వ్రాసెను. ఇంగ్లండులో బారిస్టరు పరీక్షలో కృతార్థుడై వచ్చిన పిదప కూడ ఆ బిడియము పోలేదు. బొంబాయి నగరమున చిన్నకేసుల కోర్టులో మొదటి వ్యాజ్యమున ప్రతివాది పక్షమున ప్రశ్నలు వేయుటకు లేచెను. తల తిరిగెను. కోర్టంతయు గిర్రున తిరుగుచున్నట్లు తోచెను. ఒక్క ప్రశ్నయు నోటికి రాలేదు. కూర్చుండిపోయి, తాను పుచ్చుకొన్న ముప్పది రూపాయలను తిరిగి యిచ్చివేసెను.

ఇట్టివాడు ప్రజానాయకుడగునని ఆనాడు ఎవ్వరును అనుకొనియుండరు. 1893వ సంవత్సరమున ఆయన దక్షిణాఫ్రికాకు పోయెను. ప్రిటోరియా నగరమున అచ్చటి భారతీయులను ఒకచోట చేర్చి వారి కష్టములను గూర్చి మాటలాడెను. అది తన జీవితమున చేసిన మొదటి బహిరంగోపన్యాసమని చెప్పదగినదని ఆయనయే వ్రాసికొనెను. బొంబాయి కోర్టుకును ఈ సభకును నడుమ ఏమి మారినది? తనను గూర్చిన చింత తగ్గి, ఎదుటివారి కష్టమును గూర్చిన చింత పెరిగినది. "నేనెట్లు కనబడుదునో" అని తలచువాని నోరు పెగలదు. "ఈ మాట చెప్పక తప్పదు" అని తలచువాడు తడబడుచునైనను చెప్పును.

ఇక ఎత్తు. భయములలో ఇది మిక్కిలి సహజమైనది. నేలకు కట్టుబడిన ప్రాణికి శరీరము చేయు హెచ్చరిక. దీనిని గూర్చి చెప్పవలసినప్పుడు కొండకర్లనుండి కొంతదూరము పోయి, తెలంగాణములోని భువనగిరి కోటను చూడవలెను. ఊరి నడుమ నున్నని ఏకశిల ఒకటి గోడవలె లేచియుండును. చాళుక్యులనాటి దుర్గము దానిపై నున్నది. ఆ బండపైననే కొండలెక్కు విద్య నేర్పు పాఠశాల నెలకొన్నది. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ అను గిరిజన బాలిక అక్కడికి శిక్షణకు వచ్చెను. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె ప్రభుత్వపు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండెను. బండను చూడగానే మొదట తనకు భయము వేసినదని ఆమెయే చెప్పియున్నది.

ఆ భయమును ఎవరును ఒక్క ఊపున త్రెంచివేయలేదు. నడుమునకు త్రాడు కట్టిరి. క్రింద త్రాడు పట్టుకొను మనిషి యుండెను. శేఖర్‌బాబు అను పర్వతారోహకుడు శిక్షకుడు. కాలు ఎక్కడ పెట్టవలెనో, చేయి ఎక్కడ ఆనించవలెనో నేర్పిరి. బండ తరువాత డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థ. 1954వ సంవత్సరమున స్థాపింపబడిన ఆ సంస్థలో మొదట శిక్షణ నడిపినవాడు టెన్సింగ్ నార్గే. ఎవరెస్టు శిఖరమును 1953 మే 29వ తేదీన ఎడ్మండ్ హిల్లరీతో కలిసి ఎక్కిన ఈ టెన్సింగునకు అది ఏడవ యాత్ర. ఆరుసార్లు శిఖరము అందక వెనుకకు వచ్చినవాని చేతి చలువ సోకిన స్థలమది. డార్జిలింగు తరువాత లడక్ చలి. ప్రతి మెట్టుననూ కొందరు పిల్లలు వెనుకకు మరలిరి. తుదకు ఎవరెస్టు యాత్రకు ఇద్దరు మిగిలిరి: పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును. వెనుకకు మరలినవారును పిరికివారు కారు. ఎవరి హద్దు ఎంతవరకో ఎక్కి చూచి తెలిసికొన్నవారు.

పదునారేండ్లు నిండనివారిని నేపాలు వైపునుండి ఎవరెస్టు ఎక్కనీయరు. అందుచేత వారు టిబెట్టు వైపునుండి బయలుదేరిరి. ఆ యేడు ఏప్రిలు 18వ తేదీన నేపాలు వైపున మంచుచరియ విరిగిపడి పదునారుగురు దారి చూపు పనివారు మరణించిరి. దారిలో మృతదేహములను చూచి బెదరితినని పూర్ణ తరువాత దాచకుండ చెప్పెను. 2014 మే 25వ తేదీన ఆమె శిఖరమును చేరెను. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెయే మిక్కిలి పిన్నది. ఆనందకుమారును అదే యాత్రలో శిఖరమును ముట్టెను. పూర్ణ అంతటితో ఆగలేదు. 2022 జూన్ నెలలో ఉత్తర అమెరికాలోని డెనాలి నెక్కి, ఏడు ఖండముల ఎత్తైన శిఖరములను పూర్తిచేసెను.

ఈ కథను చెప్పునప్పుడు పత్రికలు శిఖరమును గూర్చియే వ్రాయును. చెప్పదగినది త్రాడును గూర్చి. కూలివాని బిడ్డకు ధైర్యము లేదని ఎవరనగలరు? ఆమెకు అంతవరకు లేనిది భువనగిరి బండయు, నడుమునకు త్రాడును, దానిని పట్టుకొను చేయియును. ఎందరో పిల్లలు తమకు ధైర్యము లేదనుకొనుచున్నారు. నిజమునకు వారికి ఎవరును త్రాడు ఈయలేదు. వేసవి సెలవులలో పిల్లవానికి ఈత నేర్పింపక, చెట్టెక్కనీయక, ఒంటరిగా ప్రక్క ఊరికి పంపక, పదునెనిమిదేండ్లు వచ్చిన పిదప "వీనికి చొరవ లేదు" అని నిందించు తల్లిదండ్రులు తామేమి చేసితిమో తలచి చూచుకొనవలెను. "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" అను సామెతను వారు తరచుగా చెప్పుదురు. "దిగితే గాని లోతు తెలియదు" అనునదియు తెలుగు సామెతయే.

అయితే దిగుటకు ఒక పద్ధతి కలదు. లోతు తెలియని నీటిలోనికి ఇతరులు చూచుచుండగా దూకువాడు సాహసి కాడు. సంస్కృతమున సహసా అనగా తొందరపాటుగా అని అర్థము. సాహసము అను మాట అందుండియే వచ్చినది. ఆ మాటలోనే కొంత హెచ్చరిక యున్నది. జలపాతముల అంచున నిలిచి ఛాయాచిత్రములు తీసికొనబోయి ప్రాణములు పోగొట్టుకొను యువకులు భయమును జయించినవారు కారు. పిరికివాడనుకొందురేమో యను మరొక భయమునకు లొంగినవారు.

రామాయణమున ఈ భేదము చక్కగా కనబడును. సీతను వెదకుచు వానరులు సముద్రతీరము చేరిరి. నూరు యోజనముల సముద్రము. ఎవరెంత దుముకగలరని ప్రశ్న వచ్చెను. ఒకడు పది యోజనములనెను, మరొకడు ఇరువది యనెను. యువరాజైన అంగదుడు, తాను నూరు యోజనములు దుముకగలననియు, తిరిగి రాగలనో లేదో సందేహమనియు చెప్పెను. ఈ అంగదుని మాటను కథ చెప్పువారు అంతగా పట్టించుకొనరు. కాని ఎంత నిజాయితీ గల మాట! అది పిరికితనము కాదు, లెక్క. హనుమంతుడు మాత్రము ఒకవైపున మౌనముగా కూర్చుండెను. జాంబవంతుడు అతని బలమును అతనికి గుర్తు చేసెను. అతడు మహేంద్రగిరి నెక్కి లంఘించెను. ఈ ఘట్టమును బట్టి, పొగడిన చాలును, ఎవడైనను సముద్రము దాటునని కొందరు ఉపన్యాసకులు చెప్పుచుందురు. అది పొరపాటు. హనుమంతుడు బాల్యముననే సూర్యునికై ఎగిరినవాడు. జాంబవంతుడు లేని బలమును కల్పింపలేదు. ఉన్నదానిని జ్ఞాపకము చేసెను. ఎన్నడును ఎగురని వానికి మాటలు చాలవు, అభ్యాసము కావలెను.

నీటి విషయమున ఈ అభ్యాసము ప్రాణముతో ముడిపడిన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024వ సంవత్సరమున ప్రకటించిన నివేదిక ప్రకారము, 2021వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించిరి. వారిలో చిన్నపిల్లలు అనేకులు. చెరువులు, కాలువలు, బావులు నిండిన పల్లెలలో పిల్లలను నీటికి దూరముగా నుంచినంత మాత్రమున రక్షణ కలుగునా? నీరు వారికి ఏదో ఒకనాడు ఎదురుపడకపోదు. బడి వయస్సు పిల్లలకు ఈతయు, నీటి ప్రమాదమునుండి తప్పించుకొను తెలివియు నేర్పవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. బంగ్లాదేశములో ఊరి చెరువులలోనే వెదురుతో వేదికలు కట్టి, వాని నడుమ పిల్లలకు ఈత నేర్పుచున్నారు. చెరువు అదే, లోతు అదే. పిల్లవాని కాలి క్రింద వెదురు తడిక యుండును. దానిపై నిలిచి మొదట ముఖము ముంచును, తరువాత తేలును, తరువాత చేతులు ఆడించును. ఆ తడిక భువనగిరి త్రాడునకు చెల్లెలు.

భయము మునిగించు విధము కూడ తెలిసికొనదగినది. ఊపిరితిత్తులలో గాలి నిండియున్న మనిషి శరీరము నీటిపై తేలదగినంత తేలికయైనది. హడలినవాడు తల నీటికి పైగా ఎత్తబోవును, చేతులు పైకి విసరును, అరచుటలో గాలిని వదలివేయును. ఈ మూడును అతనిని క్రిందికి లాగును. తాటిదోనెలో బిగిసి కూర్చున్నవాని స్థితియు ఇదియే. వెల్లకిల తేలుట నేర్చినవానికి మొట్టమొదట తెలియునది, తనను మోయుటకు నీరు సిద్ధముగనే యున్నదని. ఈ సంగతి పుస్తకమున చదివినవానికి ప్రయోజనము లేదు. వీపు తడిసిననే తెలియును.

దీనికి వయస్సు దాటిపోవుటయు లేదు. కాకినాడ జిల్లా సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నలువదియేండ్లు దాటిన పిదప ఈత నేర్చుకొనెను. ఆ వయస్సున క్రొత్త విద్యకు దిగువారిని చూచి ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో చెప్పనక్కరలేదు. 2021 మార్చి నెలలో ఆమె శ్రీలంక తీరమునుండి ధనుష్కోటి వరకు, సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటెను. ఆమె ఈదుచున్నంతసేపును ప్రక్కన పడవ వచ్చుచుండెను.

మరి మూడేండ్లు దాటిన పిదప, 2024 డిసెంబరు 28వ తేదీన, ఆమె విశాఖపట్టణము తీరమున నీటిలో దిగి, 2025 జనవరి మొదటి వారమున కాకినాడ తీరమున గట్టెక్కెను. దూరము సుమారు 150 కిలోమీటర్లు. దినమునకు కొంత చొప్పున, రాత్రులు విశ్రమించుచు, ఆ దారిని పూర్తిచేసెను. ఆ దారిలో అచ్యుతాపురము మండలమునకు చెందిన పూడిమడక తీరము తగులును. అక్కడినుండి లోపలికి కొలదిదూరము వచ్చినచో కొండకర్ల. సముద్రమున ఆమె ఈదుచున్న ఆ చలికాలపు దినములలోనే ఆవ మీదికి పక్షులు వచ్చియుండును. వానిని చూచుటకు సందర్శకులును వచ్చియుందురు. వారిలో ఎందరో తొలిసారి దోనెలో కాలు పెట్టి, అంచు పట్టుకొని, ఊపిరి బిగించి కూర్చుందురు. గెడ వేయువాడు జోడుకట్టును ఒకసారి లాగి చూచి, దోనెను మెల్లగా తామరాకులలోనికి త్రోయును.